బంగారమంత బరువైన తీగ

పోయిన మంగళవారం వేమూరు నుంచి ఒకావిడ మా రేపల్లె ఆసుపత్రికి వచ్చింది. కాలు విరిగి రెండున్నర నెలలు భట్టిప్రోలులో మా ఇంట్లో పడి ఉన్న నేను ఆ రోజే మళ్లీ నర్సు డ్యూటీలో చేరాను. చీటీ రాస్తూ, ఎవరు పంపారమ్మా అని అలవాటుగా అడిగాను.

"తెనాలి ఆచారిగారండి," అంది. "ఆయన చెప్పి ఏడాదైందండి. సిగ్గేసి రాలేదు. ఆయన పోయారని తెలిశాక ఇంక ఉండబట్టలేక వచ్చానండి."

ఎప్పుడు పోయారని అడిగితే నెల దాటిందని చెప్పింది. నాకు కబురు చేద్దామన్నా వాళ్లవాళ్లకి మా ఇల్లు తెలియదు. ఆమెను డాక్టరమ్మ గదిలోకి పంపి, నేను స్టెరిలైజరు ఉన్న గదిలోకి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. ఆయన చేసిన తీగలు అక్కడి బీరువాలో ఇంకా పదకొండు ఉన్నాయి. తీసి చూడబుద్ధి కాలేదు.

ఆయన పేరు రాయను. మేమంతా బాబాయిగారనే పిలిచేవాళ్లం. తెనాలిలో బంగారం పని చేసే మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కుంపటి ముందు నలభై ఏళ్లు వంగిన వీపు నిలబడినా నిటారుగా అయ్యేది కాదు. కంటికి పెట్టుకునే భూతద్దం నల్లదారంతో మెడలో వేలాడుతూ ఉండేది, రైల్లో కూడా తీసేవారు కాదు. ఆడవాళ్లు ఎదురైతే ముఖం చూసేవారు కాదు, చెవులు చూసేవారు. "ఆ దిద్దు శీల అరిగింది, పారేసుకుంటావమ్మా" అనడమే ఆయన పలకరింపు. ఏ పని చెప్పినా "చూద్దామండి" అనేవారు. చేస్తానని అనగా నేను ఒక్కసారీ వినలేదు.

తొంభై తుఫాను వెళ్లిన రెండో ఏడు మా డాక్టరమ్మ మద్రాసులో కొత్త వైద్యం ఒకటి నేర్చుకుని వచ్చింది. గర్భసంచి మూతి మీద పాడైన పొరను, అది క్యాన్సరుగా మారకముందే తీసేసే పద్ధతి. విల్లులా వంచిన సన్నటి తీగలోకి కరెంటు పంపి, చెంచాతో జున్ను తీసినట్టు ఆ పొరని తీస్తారు. మత్తు సూది ఒకటి చాలు. పొద్దున వచ్చిన మనిషి సాయంత్రానికి నడిచి ఇంటికి వెళ్లిపోతుంది. ఆమె వెంట తెచ్చుకున్న తీగలు రెండే, ప్లాటినం కలిపినవి. ఒకటి మొదటి నెలలోనే విరిగింది. రెండోది విరిగితే వైద్యం ఆగిపోతుంది. మద్రాసుకి రాస్తే, విదేశాల నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు.

నా పెళ్లి ఉంగరం చేసింది తెనాలి ఆచారిగారే. మా నాన్నగారు భట్టిప్రోలు బడిలో పంతులు, ఆయనకి పాత పరిచయం. అంత సన్నటి తీగ పట్టుకోగలిగిన చెయ్యి నాకు తెలిసి అదొక్కటే. చెప్పి పిలిపించాను. పొద్దున పాసింజరుకి వచ్చారు. విరిగిన తీగని భూతద్దంలో చాలాసేపు చూసి, ఇది ఎందుకు పనికొస్తుందని అడిగారు. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. ఆయన తల వంచుకుని నేల వైపు చూస్తూ విన్నారు. చెప్పడం అయ్యాక, ప్లాటినం తన దగ్గర లేదని, మేలిమి బంగారంతో చేసి చూద్దామని అన్నారు. ఒంట్లోకి వెళ్లేదానికి బంగారాన్ని మించింది లేదని ఆయన నమ్మకం.

బంగారు తీగతో వచ్చిన రోజు డాక్టరమ్మ మేకమాంసం ముక్క తెప్పించి దాని మీద పరీక్ష పెట్టింది. ఆయన ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డారు. కరెంటు పంపగానే తీగ మెత్తబడి వాలిపోయింది, చివర ముద్ద కట్టింది. ఉక్కు తీగతో మళ్లీ వచ్చారు. అది కోసింది గాని మూడోసారికే పుటుక్కుమంది. బల్బులో వెలిగే తీగ టంగ్‌స్టన్‌ది, ఎంత నిప్పుకైనా కరగదు, దాన్ని వాడొచ్చేమో చూడండి అని డాక్టరమ్మకి తెలిసిన ఇంజనీరొకాయన సలహా ఇచ్చాడు. ఆ మాట విన్న వారం బాబాయిగారు తెనాలిలో మాడిపోయిన బల్బులన్నీ పోగుచేసి పగలగొట్టారట. లోపలి తీగ వెంట్రుక కన్నా సన్నం, ముట్టుకుంటే పొడి. చివరికి ఆయనే మద్రాసు వెళ్లి, బల్బుల ఫ్యాక్టరీలకి తీగ అమ్మే దుకాణం వెతికి పట్టుకుని, దారపుకండె అంత చుట్ట ఒకటి తెచ్చారు.

ఆ చుట్టని నా అరచేతిలో పెట్టడం నాకు బాగా గుర్తు. చెయ్యి కిందికి దిగింది.

"బంగారం బరువమ్మా ఇది. కళ్లు మూసుకుని పట్టుకుంటే నేనే మోసపోయాను," అన్నారు. "కానీ నా నిప్పుకి లొంగదు. నలభై ఏళ్లలో నా కుంపటిని లెక్కచెయ్యని లోహాన్ని ఇదే చూడటం."

లొంగించుకోవడానికి ఆయనకి నాలుగు నెలలు పట్టింది. చల్లగా ఉన్నప్పుడు వంచితే చీపురుపుల్లలా నిలువునా చీలేది. మరీ ఎర్రగా కాలిస్తే తర్వాత గాజులా పగిలేది. కాకకి, ఎరుపుకి మధ్య ఎక్కడో ఒక్క క్షణం ఉంటుందని, ఆ క్షణంలో అడిగితే వంగుతుందని కనిపెట్టారు. అతుకు పడదు, ఏ టంకమూ దానికి అంటదు. అందుకని రెండు చివర్లూ సన్నటి గొట్టాల్లో దూర్చి, గొట్టాల్నే నొక్కేసి బిగించారు. తయారైన ప్రతి తీగనీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటేవారు. కళ్లు మూసుకుని వినేవారు. పగులుంటే గొంతు బొంగురు పోతుందనేవారు. నాకూ వినమని ఇచ్చారు గాని, నాకు ఏ తేడా తెలియలేదు. ఆయన పక్కన పెట్టేసిన తీగని మాత్రం డాక్టరమ్మ ఒకసారి పంతానికి పరీక్షించింది. రెండు కోతలకే విరిగింది. అప్పటి నుంచి ఆమె తీగ చెవికి వినబడిందా బాబాయిగారూ అని అడిగేది. తను కూడా ప్రతిదాన్నీ మాంసం మీద చూసుకుని, ఉడికించి, ఆ తర్వాతే మనిషికి వాడేది.

ఆ తీగతో మొదట వైద్యం చేసింది బాపట్లలో. గురువారాలు డాక్టరమ్మ అక్కడ ఒక చిన్న క్లినిక్కులో చూసేది, నేను వెంట వెళ్లేదాన్ని. రామాపురం నుంచి చేపలమ్ముకునే ఆవిడ, నలభై లోపు. పదిహేను నిమిషాల పని. లేచి కూర్చుని, "అయిపోయిందా, ఇంతేనా," అని బుట్ట వెతుక్కుంది. ఏడాది తర్వాత పరీక్షకి వచ్చి, అంతా బాగుందని తెలిశాక, తీగ చేసిన ఆయనకి ఇమ్మని ఎండుచేపల పొట్లం కట్టి ఇచ్చింది. బాబాయిగారు మాంసాహారం ముట్టని మనిషి. పొట్లాన్ని రెండు వేళ్లతో అందుకుని, వాసనకి తల పక్కకి తిప్పుకుని, అయినా వద్దనలేదు. రైలు దాకా అలాగే మోసుకెళ్లి గేటు మనిషికి ఇచ్చారట. ఆమెకి మాత్రం, అందింది, సంతోషం అని చెప్పమన్నారు.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. మా ఆసుపత్రిలో ఆయన మంచినీళ్లు కూడా తాగేవారు కాదు. ఇంటి నుంచి మరచెంబులో తెచ్చుకునేవారు. నేను కాఫీ ఇవ్వబోతే, ఇప్పుడే తాగానమ్మా అనేవారు. నేనెవరి పిల్లనో, మా పేట ఏదో ఆయనకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. నేను రెండోసారి అడగలేదు. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఆ చెంబు చూస్తే నాకు మనసులో చివుక్కుమనేది.

ఆవిడ అలా కాదు. ఆవిడ అంటే ఆయన భార్య. తీగలు తీసుకోవడానికి నేను తెనాలి వెళ్లినప్పుడు వాకిట్లో నిలబెట్టేది కాదు, చెయ్యి పట్టుకుని వంటింటి గుమ్మం దాకా తీసుకెళ్లి పీట వేసేది. పిల్లల్లేరు వాళ్లకి. నోటినిండా అమ్మాయ్ అని పిలిచేది. ముందుగదిలో ఆయన పని చేసుకుంటుంటే, ఆయన దగ్గుని బట్టి తీగ వంగిందో విరిగిందో లోపలి నుంచే చెప్పేసేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆవిడ నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, ముట్లుడిగి ఆరేళ్లయినదానికి మళ్లీ కనబడితే ఏంటని అడిగింది. ఎవరికని అడిగాను. కొంగు వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది. ఆవిడకేనని తెలిసిపోయింది. రేపే రమ్మన్నాను. మరిది కూతురి పెళ్లి ఉందని, నగలన్నీ ఈయన చేతిమీదే అవ్వాలని, అదయ్యాక వస్తానని అంది. వెంటనే రావాలని గట్టిగా చెప్పాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనకి చెప్పకమ్మాయ్. ఒట్టెయ్యి. తెలిస్తే ఆయన చెయ్యి వణుకుతుంది. వణికే చేత్తో నిప్పు దగ్గర కూర్చోకూడదు."

నేను మాటిచ్చాను. తర్వాత వెళ్లిన ప్రతిసారీ ఆవిణ్ణి అడిగాను, బతిమాలాను, ఒకసారి కోప్పడ్డాను కూడా. ఇదిగో వస్తా, అదిగో వస్తా అనేది. తగ్గిందని ఒకసారి అబద్ధం చెప్పింది. నమ్మాలనిపించి నమ్మాను. ముందుగదిలో ఆయన అదే జబ్బుకి తీగ వంచుతూ కూర్చునేవారు. నేను ఆ తీగలు దూదిలో చుట్టిన అగ్గిపెట్టెలు సంచిలో పెట్టుకుని, ఆయన ముందు నుంచే నడిచి బయటికి వచ్చేదాన్ని. డాక్టరమ్మకి కూడా చెప్పలేదు. ఒట్టు ఒట్టే అనుకున్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

చలికాలం వెళ్లాక పెళ్లి జరిగింది. పెళ్లిపందిట్లో ఆవిడ పడిపోయింది. కారు మాట్లాడుకుని రేపల్లె తీసుకొచ్చారు. డాక్టరమ్మ పరీక్ష చేస్తుంటే పక్కన నేనే ఉన్నాను. చూసినదాన్ని ఇక్కడ రాయలేను. డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసి, ముఖం కడుక్కుని బయటికి వచ్చింది.

వరండాలో బాబాయిగారు నిలబడి ఉన్నారు. జేబులోంచి అగ్గిపెట్టె తీశారు.

"ఈమధ్య చేసినవాటిలో ఇది మేలైందండి. మూడుసార్లు విన్నాను. దీంతో చెయ్యండి," అన్నారు.

"బాబాయిగారూ, తీగతో అయ్యే దశ దాటిపోయిందండి," అంది డాక్టరమ్మ.

ఆయన అగ్గిపెట్టె మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూశారు. ఎప్పుడొచ్చి ఉంటే సరిపోయేదని అడిగారు. డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. తీగతో నయం కావాలంటే కొన్నేళ్ల ముందు, గుర్తులేమీ లేనప్పుడే చూసి ఉండాల్సింది. మొదట కనబడ్డప్పుడే వచ్చి ఉన్నా, రేడియేషన్ కరెంటు పెట్టించి బతికించే ఆశ ఇప్పటికంటే మెరుగ్గా ఉండేది. ఆ మాటప్పుడు నేను గోడ వైపు తిరిగాను.

ఆయన బల్ల మీద కూర్చుండిపోయారు. మా ఆసుపత్రిలో ఎప్పుడూ కూర్చోని మనిషి. కాసేపటికి, "అమ్మాయ్, కాసిని మంచినీళ్లివ్వు," అన్నారు. తెచ్చి ఇస్తే గ్లాసు నా చేతిలోంచి అందుకుని మొత్తం తాగారు. ఇన్నేళ్లు ఆ గ్లాసు కోసం ఎదురుచూశాను. ఆ రోజు అది ఇస్తూ తల ఎత్తలేకపోయాను.

గుంటూరులో కరెంటు పెట్టించారు. సగంలో ఆవిడ ఇంక వద్దంది. మళ్లీ వానలు మొదలయ్యేసరికి పోయింది.

మూడు నెలలు ఆయన మా ఆసుపత్రికి రాలేదు. ఉన్న తీగల్నే డాక్టరమ్మ అపురూపంగా వాడింది. పని మానేశారనే అనుకున్నాం. ఒకరోజు పొద్దున పాసింజరుకి దిగి, పన్నెండు తీగలు బల్ల మీద పెట్టి, ఒక్కోదాన్నీ మీటి వినిపించి వెళ్లిపోయారు. ముఖం సగానికి సగం అయిపోయింది. ఆ రోజు ఎవరి చెవులూ చూడలేదు.

ఆ తర్వాత తెనాలి చుట్టుపక్కల నుంచి ఆడవాళ్లు రావడం మొదలైంది. జంపని, పెనుమర్రు, కొల్లూరు నుంచి. ఎవరు పంపారంటే ఆచారిగారండి అనేవాళ్లు. ఏం జరుగుతోందో మొదట మాకు అర్థం కాలేదు. ఆయన తన దుకాణానికి వచ్చే ఆడవాళ్లని, గాజుల కొలత తీసుకుంటూ, గొలుసు అతికిస్తూ, నేల వైపు చూస్తూ అడిగేస్తున్నారు. తెల్లబట్ట అవుతోందా, ముట్లుడిగాక ఎర్రగా కనబడిందా, మొగుడి దగ్గర పడుకున్నాక రక్తం వస్తోందా. ఊళ్లో గుప్పుమంది. పెళ్లాం పోయాక ముసలాయనకి మతి చెడిందన్నారు కొందరు. ఇంకా నీచంగా అన్నవాళ్లూ ఉన్నారు. తాతల నాటి నుంచి వాళ్లింటికే వచ్చే కుటుంబాలు వేరే కంసాలిని చూసుకున్నాయి. ఒకామె భర్త దుకాణంలోకి వచ్చి, నలుగురి ముందు చెంప మీద కొట్టాడు. భూతద్దం కిందపడి పగిలింది. ఆయన ఆ ముక్కలు ఏరుకుంటూ, "నన్ను కొట్టు బాబూ, ఆమెను మాత్రం ఒక్కసారి రేపల్లె తీసుకెళ్లు," అన్నారట. తీసుకొచ్చాడు. ఆ పేర్లు నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

అది తెలిసి నేను తెనాలి వెళ్లాను. చెంప ఇంకా కమిలే ఉంది.

"నేనడిగితే బూతవుతోందమ్మా," అన్నారు. "నువ్వడిగితే వైద్యమవుతుంది. ఆదివారం మీ ఆరాధన అయ్యాక ఒక పూట రాగలవా?"

అలా మొదలైంది. ప్రతి ఆదివారం భట్టిప్రోలు చర్చిలో ఆఖరి పాట అవుతుండగానే బయటికి వచ్చి రైలెక్కేదాన్ని. దుకాణం గదిలో నాకు కుర్చీ వేసేవారు. దిద్దు శీల వదులైందనో, ఉంగరం బిగుతుగా ఉందనో వంక పెట్టుకుని ఆడవాళ్లు వచ్చేవాళ్లు. ఆయన ఆ వస్తువు తీసుకుని, పనిముట్లు పట్టుకుని, వీధరుగు మీద కూర్చునేవారు. మా మాటలయ్యేదాకా లోపలికి వచ్చేవారు కాదు. ఎండైనా, జల్లైనా అక్కడే. మగవాడెవరైనా వస్తే అరుగు మీదే ఆపి, ఏదో ఒక ముచ్చట పెట్టేవారు. ముచ్చట్లు రాని మనిషి. ఒకసారి వింటే, ఆ వచ్చినాయనకి టంగ్‌స్టన్ గురించి గంటసేపు చెబుతున్నారు.

మధ్యాహ్నం నాకు అన్నం వండి పెట్టేవారు. వంట రాదు. పప్పు ఎప్పుడూ మాడేది. ఇద్దరం ఆవిడ వంటింటి గుమ్మంలోనే, ఎదురెదురుగా పీటలు వేసుకుని తినేవాళ్లం.

ఆ అన్నమే నన్ను నిలవనివ్వలేదు.  ఏడాది గడిచాక ఒక ఆదివారం, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక చెప్పేశాను. అమ్మగారు వానల్లోనే నాతో చెప్పిందని, ఒట్టు వేయించుకుందని, ఆర్నెల్లు నేను నోరు మూసుకున్నానని. చెబుతున్నంతసేపూ ఆయన తీగ వంచుతూనే ఉన్నారు. ఆ తీగ విరగలేదు. దాన్ని పక్కన పెట్టి, కుంపటి మీద బూడిద కప్పారు.

"నాకు తెలుసమ్మా," అన్నారు. "గుంటూరులో చెప్పింది. నిన్ను ఒక్క మాట అనొద్దని నా దగ్గర కూడా ఒట్టు వేయించుకుంది."

 ఆయన నన్ను చూడకుండా చెప్పుకుపోయారు.

"కోపం రాలేదంటే అబద్ధం. ఆ మూడు నెలలు మీ ఆసుపత్రికి రానిది అందుకే. నీ ముఖం చూస్తే ఏమంటానోనని భయమేసింది. తర్వాత ఒకటే ఆలోచన. ముప్పై నాలుగేళ్లు ఒక ఇంట్లో ఉన్నాం. నా కుంపట్లో బొగ్గు కాస్త తడిగా ఉంటే ఆమెకి లోపల్నుంచి తెలిసేది. ఆమె ఒంట్లో అంత జరుగుతుంటే నాకు తెలియలేదు. ఊళ్లో ఆడవాళ్లందరి కోసం తీగలు చేశాను. ఇంట్లో మనిషిని ఎలా ఉన్నావని అడగలేదు. ఆమె నీకైనా చెప్పుకుంది. నాకు చెప్పుకోలేకపోయింది. నిన్నేమంటాను?"

అయినా నన్ను ఎందుకు పిలిచారు బాబాయిగారూ అని అడిగాను.

"నాకు నిద్ర లేనట్టే నీకూ ఉండదనుకున్నాను," అన్నారు.

ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు, ఓదార్చలేదు. క్షమించానని ఆ రోజే కాదు, ఆ తర్వాత మూడేళ్లలో ఎప్పుడూ అనలేదు. నేను అడగనూ లేదు. చేతులు నిజంగానే వణకడం మొదలై, తీగ పని మానేశాక కూడా ఆదివారాలు మానలేదు. నేను కాలు విరగ్గొట్టుకునేదాకా మేమిద్దరం ఒక్క వారం తప్పలేదు. వేమూరావిడ ఇంకా తీగతో అయ్యే దశలోనే ఉందని డాక్టరమ్మ చెప్పినప్పుడు, ఆ మాట చెప్పుకోవడానికి తెనాలిలో మనిషి లేడని మొదటిసారి అర్థమైంది.

నిజం చెప్పేసిన ఆ ఆదివారం నా ఏడుపు ఇంకా ఆగకముందే వీధిలో అడుగుల చప్పుడైంది.

"ఎవరో వచ్చినట్టున్నారు, చూడమ్మా. కళ్లు తుడుచుకో," అని ఆయన పట్టకారు తీసుకుని అరుగు మీదికి వెళ్లిపోయారు.

వచ్చింది తల్లీ కూతురూ. తల్లికి యాభై ఉంటాయి, తల వంచుకుని ఉంది. కూతురు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని గుమ్మం దాటించింది. నేను తలుపు దగ్గరగా వేసి, కుర్చీ లాగి, కూర్చోమ్మా అన్నాను.